ట్రంకుపెట్టెలో ప్రపంచ యుద్ధం

తాత తెచ్చిన పతకం, నానమ్మ దాచిన ఉత్తరం, అటక మీద తుప్పు పట్టిన ఇత్తడి డబ్బా... వీటిని కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లున్నారు. వాటి వెనక ఉన్న మనిషిని వెతికేవాళ్లు మాత్రం తక్కువ.

పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ మ్యూజియంలో ఒక పగిలిన కళ్లజోడు ఉంది. అది జోగేంద్రనాథ్ సేన్‌ది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఇంజినీరింగ్ చదివి, అక్కడే ఉద్యోగంలో స్థిరపడిన యువకుడాయన. 1914లో యుద్ధం మొదలవగానే వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటులో చేరాడు. ఇంజినీరింగ్ పట్టా ఉన్నా దక్కింది మామూలు సిపాయి హోదాయే. 1916 మే 22న ఫ్రాన్స్ యుద్ధరంగంలో ప్రాణాలు విడిచాడు. 2005లో శంతను దాస్ అనే పరిశోధకుడి కంట పడ్డాక ఆ కళ్లజోడు కథ దేశదేశాలకూ తెలిసింది.

పక్కన పేరు లేకపోతే అది పగిలిన కళ్లజోడే. పేరుంది కాబట్టి పరిశోధన సాగింది. యుద్ధకాలపు వస్తువులు సేకరించేవాళ్లయినా, వారసత్వంగా అందుకున్నవాళ్లయినా మొదట పట్టించుకోవాల్సింది ఇదే: వస్తువుతో పాటు దాని వివరం కూడా దాచాలి.

అంచు మీద రాసిన చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం తరఫున 13 లక్షల మందికి పైగా పనిచేశారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో చాలామంది ఛాతీ మీద రెండు మూడు పతకాలుండేవి. తొలి ఏళ్లలోనే రంగంలోకి దిగినవాళ్లకు 1914-15 స్టార్, వెండితో చేసిన బ్రిటిష్ వార్ మెడల్, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో విక్టరీ మెడల్.

ఇంట్లో ఇలాంటి గుండ్రటి పతకం ఉంటే దాని అంచును భూతద్దంతో చూడాలి. సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడే సన్నటి అక్షరాల్లో ఉంటాయి. స్టార్ అయితే వెనక వైపు ఉంటాయి. ముందువైపున్న బొమ్మ లక్షల పతకాల మీద ఒకటే. అంచు మీది పేరు మాత్రం ఒక్కరిదే.

బ్రిటిష్ వార్ మెడల్‌లో వెండివి దాదాపు 65 లక్షలు ఇచ్చారు. కంచువి 1.1 లక్షలే. ఆ కంచువి తుపాకీ పట్టినవాళ్లకు వచ్చినవి కావు. మూటలు మోసిన, రోడ్లు వేసిన, కందకాలు తవ్విన కూలి దళాలకు ఇచ్చినవి. భారతీయ, చైనా, మాల్టా కూలీలు వాటిని అందుకున్నారు. చాలాకాలం కంచు పతకాన్ని తక్కువగా చూశారు గానీ, అరుదు కాబట్టి ఇవాళ సేకర్తలు దాని కోసం ప్రత్యేకంగా వెతుకుతారు.

వెండి పతకాలకు వెండే శత్రువైంది. 1979-80 మధ్య ప్రపంచ మార్కెట్‌లో వెండి ధర ఆకాశాన్నంటినప్పుడు ఎన్నో పతకాలు కరిగిపోయాయి. పేరు, పటాలం, నంబరు అన్నీ కొలిమిలో కలిశాయి.

సుగంధ ద్రవ్యాల కానుక

1914 క్రిస్మస్‌కు బ్రిటన్ యువరాణి మేరీ పేరిట సైనికులకు ఒక ఇత్తడి డబ్బా పంపారు. మూత మీద ఆమె ముఖచిత్రం ఉంటుంది. బ్రిటిష్ సైనికుల డబ్బాలో పొగాకు, సిగరెట్లు పెట్టారు. సిక్కు సిపాయిలకు పటికబెల్లం, సుగంధ ద్రవ్యాలు. గూర్ఖాలకు బ్రిటిష్ వాళ్లకిచ్చినవే. మిగతా భారతీయ సిపాయిలకు సిగరెట్లు, పటికబెల్లం, సుగంధ ద్రవ్యాలు. చలికి గడ్డకట్టే ఫ్రాన్స్ కందకాల్లోకి కూడా ఎవరి అలవాటుకు తగ్గ సరుకు వాళ్లకు పంపారన్నమాట. సరుకు ఎప్పుడో అయిపోయినా డబ్బాలు మాత్రం మిగిలాయి.

ఇక చనిపోయినవాళ్ల ఇళ్లకు చేరింది కంచు ఫలకం. 12 సెంటీమీటర్ల వెడల్పు. దాని మీద సిపాయి అనీ సుబేదారు అనీ హోదా రాయలేదు, పేరు మాత్రమే. త్యాగంలో హెచ్చుతగ్గులు ఉండకూడదన్నది ఉద్దేశం. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికి ఇలాంటివి 13 లక్షలకు పైగా పోత పోశారు.

మాధవరం నుంచి హెండన్ దాకా

మనవైపు ఈ చరిత్రకు చిరునామా పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. మిలిటరీ మాధవరం అంటే తప్ప చాలామందికి గుర్తుపట్టడం కష్టం. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా తమ ఊరి నుంచి వెళ్లారని అక్కడివాళ్లు చెబుతారు. తరం తర్వాత తరం సైన్యంలో చేరడం ఆ ఊరి ఆనవాయితీ. అలాంటి ఊళ్లో ఒక ఇంటి పతకం పోయిందంటే ఊరి చరిత్రలో ఒక పేజీ చిరిగినట్టే.

హైదరాబాద్ కథ ఆకాశంలో సాగింది. నిజాం విరాళంతో 1918లో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన 110వ స్క్వాడ్రన్ డీహెచ్-9ఏ విమానాలు అందుకుంది. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఒక్కో విమానం మీదా అది నిజాం కానుక అని రాశారు. వాటిలో ఎఫ్-1010 నంబరు విమానం 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువు చేతికి చిక్కింది. బెర్లిన్‌లోని మ్యూజియంలో చాలా ఏళ్లు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి బ్రిటన్ దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడది లండన్ శివార్లలోని హెండన్‌లో, వైమానిక దళ మ్యూజియంలో ఉంది. మూడు దేశాలు తిరిగినా దాని నంబరు చెరిగిపోలేదు. అందుకే దాని ప్రయాణమంతా ఇవాళ చెప్పగలుగుతున్నారు.

పోయి దొరికిన పతకం

సేకరణ ప్రపంచంలో చీకటి కోణమూ ఉంది. నాయక్ కృపారామ్ 1945 సెప్టెంబరు 12న బెంగళూరు సమీపంలోని తొండేభావిలో, శిక్షణ సమయంలో గురితప్పి దగ్గర్లోనే పడిన గ్రెనేడ్‌ను చేతిలోకి తీసుకుని తోటివాళ్లను కాపాడి మరణించాడు. ప్రభుత్వం జార్జ్ క్రాస్ ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని ఆయన భార్య ఆ పతకాన్ని దశాబ్దాలు భద్రపరిచింది. 2002లో అది దొంగల పాలైంది. 2009లో లండన్ వేలంపాటలో కనిపించింది. వేలం ఆపించి, న్యాయపోరాటం చేశాక గానీ అది ఆమె చేతికి తిరిగి రాలేదు. పతకం ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టే అది సాధ్యమైంది.

నిజాయితీగల సేకర్త ముందు అడిగేది ధర కాదు, ఎక్కడి నుంచి వచ్చిందని. ఒకే సిపాయికి చెందిన మూడు పతకాలను విడదీసి ముగ్గురికి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. వాటిని మళ్లీ ఒకచోట చేర్చడానికి ఏళ్ల తరబడి తిరిగే సేకర్తలూ ఉన్నారు. మోసాలకూ కొదవ లేదు. అసలు పేరు అరగదీసి, ఏ పెద్ద యుద్ధంలోనో పోరాడిన పటాలం పేరు చెక్కుతారు. అలాంటప్పుడు అంచు మిగతా పతకాల కంటే పలచగా ఉంటుంది.

చట్టమూ తెలియాలి. 1972 నాటి ప్రాచీన వస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులు దాని పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి నూరేళ్లు నిండాయన్నది గుర్తుంచుకోవాలి. తుపాకుల విషయంలో ఆయుధ చట్టం వేరుగా ఉంది. ఇంట్లో పాత తుపాకీ ఉంటే అది పేలే స్థితిలో ఉందో లేదో సొంతంగా తేల్చుకోకుండా పోలీసులకు చెప్పాలి. తూటాలు, గుండ్లు దొరికితే అసలు ముట్టుకోకూడదు.

మెరుగు పెట్టొద్దు

పండక్కి ఇత్తడి సామాను తోమినట్టు పతకాలను తోమేస్తుంటారు కొందరు. ప్రతి తోముడుకీ బొమ్మా, అక్షరాలూ అరుగుతాయి. నల్లబడినా అలాగే ఉంచడం మేలు. చేతి చెమట తగలకుండా అంచు పట్టుకోవాలి. రిబ్బనుకు ఎండ పడదు. నాసిరకం ప్లాస్టిక్ కవర్లలో పెడితే లోహం మీద జిగురు చేరుతుంది. ఉత్తరాలను మడతలు విప్పి ఆమ్లం లేని కాగితాల మధ్య ఉంచాలి, ఫొటో తీసి పెట్టుకోవాలి. ఫొటోల వెనక పేర్లు పెన్సిలుతోనే రాయాలి.

రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లలో పేరు లేనివి చాలా ఉన్నాయి. అక్కడ రిబ్బనే ఆధారం. లేత ఇసుక రంగు మీద ఎరుపు, ముదురు నీలం, లేత నీలం చారలుంటే ఆఫ్రికా. నీలం, నారింజ, మధ్యలో ఎరుపు ఉంటే బర్మా. తాత ఏ యుద్ధరంగంలో ఉన్నాడో ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోయినా ఆ గుడ్డముక్క చెబుతుంది. రిబ్బను పాడైందని కొత్తది కుట్టించేముందు పాతదాన్ని దాచుకోవాలి. యుద్ధంలో మరణించినవాళ్ల వివరాలను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుతో ఉచితంగా వెతకొచ్చు.

1945లో పద్దెనిమిదేళ్లున్న సిపాయికి ఇప్పుడు నూరేళ్లు దగ్గరపడుతున్నాయి. నేరుగా చెప్పేవాళ్లు దాదాపు లేరు. వాళ్ల పిల్లలున్నారు, వాళ్లకూ డెబ్బై, ఎనభై ఏళ్లు. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని ఫోనులో రికార్డు పెట్టి ఈ నాలుగూ అడగాలి: నాన్నగారు ఏ పటాలంలో చేరారు, ఏ ఊరి నుంచి రైలెక్కారు, ఇంటికి ఎవరి చేత ఉత్తరం రాయించేవారు, పింఛను ఎక్కడ తీసుకునేవారు. జవాబులను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, పతకం ఉన్న పెట్టెలోనే పెట్టాలి.