ఒక ఎత్తు ఖరీదు

పదును చూడక విత్తిన రైతు తొందరపడినవాడే గాని ముందు నడచినవాడు కాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ప్రత్తి వేసేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తొలిజల్లుకే గింజ నాటితే, ఆపైన వాన ముఖం చాటేసినప్పుడు మళ్ళీ విత్తవలసి వస్తుంది. చదరంగంలోనూ ఇటువంటి నిదానం ఒకటి ఉన్నది.

ఆటారంభంలో ప్రతి ఎత్తూ ఒక బలగాన్ని రంగంలోకి దింపటానికే. ఒక ఎత్తులో చేరగల గడికి రెండెత్తులలో చేరితే ప్రత్యర్థికి ఒక ఎత్తు దానం చేసినట్లే. దీనినే టెంపో కోల్పోవటమంటారు. ఇది దోషమని గురువులు చెప్పటం అసత్యం కాదు. 1858లో పారిస్ నాటకశాలలో అమెరికా యువకుడు పాల్ మార్ఫీ, కలిసి ఆడిన ఇద్దరు ప్రభువులకు పదిహేడవ ఎత్తులో ఆటకట్టించాడు. అప్పటికి నల్లవారి ఏనుగు ఒకటి, శకటం ఒకటి తమ చోటునుంచి కదలనే లేదు. ఆలస్యం అమృతం విషమనటానికి ఇంతకన్న నిదర్శనమేల?

అయితే అదే ఏడాది డిసెంబరులో, అదే పారిస్‌లో, అదే మార్ఫీ ఎదుట వేరొక దృశ్యం కనిపించింది. జర్మనీ దేశపు గణితోపాధ్యాయుడు అడాల్ఫ్ ఆండర్సన్ పదకొండు ఆటల పందెంలో రెండు గెలిచి, ఏడు ఓడి, రెండు సమం చేసుకొన్నాడు. అందులో మూడుసార్లు ఆయన ఎడమ అంచు బంటును ఒక్క గడి జరిపి ఆట ప్రారంభించాడు. తెల్లవారికి సహజంగా దక్కే తొలి ఎత్తు లాభాన్ని ఆయన దాదాపు వదులుకొన్నాడు. కాని మార్ఫీకి ప్రీతిపాత్రమైన బట్టబయలు పోరు తప్పింది. నల్ల శకటం వచ్చి కూర్చోదగిన గడికి ఆ చిన్న బంటు కాపలా అయినది. ఆ మూడింటిలో ఒకటి గెలుపు, ఒకటి ఓటమి, ఒకటి సమం. తక్కిన ఎనిమిదింటిలో ఆయనకు దక్కిన గెలుపు ఒక్కటే.

నేటి పోటీలలోనూ ఈ నేర్పు చూడవచ్చు. కాటలాన్ అనే ప్రారంభంలో నల్లవారు శకటంతో చెక్ చెబుతారు. తెల్లవారు తమ శకటాన్ని అడ్డుపెట్టగానే వెనుకకు తగ్గుతారు. ఒక ఎత్తు పోయినది నిజమే. కాని తెల్ల శకటం తనకు అంతగా నప్పని గడిలో చిక్కుకొన్నది. ప్రత్యర్థికి ఎత్తు దక్కింది గాని, దానిని మంచిచోట ఖర్చుపెట్టే అవకాశం దక్కలేదు.

కంప్యూటర్ల పుణ్యమా అని ఇరవై ఎత్తుల వరకు ఇంటివద్దనే వల్లెవేసి వచ్చే ఈ రోజులలో ఇది చిన్న విషయం కాదు. 1986లో గుంటూరున జన్మించి, 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ విజేత అయిన పెంటేల హరికృష్ణ నిదానమైన ప్రారంభాలకు, ఓపికతో నడిపే అంత్యదశకు పేరొందినారు. 2016లో ఆయన ప్రపంచపు మొదటి పదిమందిలో నిలిచినారు. అందరూ చదివిన దారి ఒక్కటే గెలుపు దారి కాదని దీనివలన తెలుస్తున్నది.

కాబట్టి ఒంగోలు నుంచో నరసరావుపేట నుంచో పోటీకి వెళ్ళిన విద్యార్థి, ఎన్నడూ చూడని వ్యూహం ఎదురైతే బెదరనక్కరలేదు. నడిమి బంట్లు ఒకదానికొకటి అడ్డుపడి రంగం మూసుకొని ఉన్నదా? ఒక ఎత్తు వదలి పక్కకు తొలగవచ్చు. రంగం తెరుచుకొని, రాజు ఇంకా నడుమనే ఉన్నాడా? ఆ ఒక్క ఎత్తే ప్రాణాంతకం. తొలగిన తరువాత చేరే స్థితి తనకు క్షుణ్ణంగా తెలిసి ఉండటం అన్నిటికన్న ముఖ్యం. చదువు తప్పించుకోవటానికి వదిలిన ఎత్తు నష్టమే. చదివిన చోటికి ఆటను మళ్ళించటానికి వదిలినది మాత్రం పెట్టుబడి.