గోలు పడితేనే గుర్తొస్తారా?

"డిఫెన్సేనా అది? గేట్లు బార్లా తెరిసి పెట్టిండ్రు!"

మా అబ్బాయి అరుపుకి వంటింట్లో ఉన్నదాన్ని ఉలిక్కిపడ్డాను. చేతిలో గరిటెతోనే వచ్చి చూద్దును కదా, వాడు ఫోను మంచం మీద విసిరేసి తల పట్టుకు కూర్చున్నాడు. పక్కనే మావారు. ఆయన ముఖమూ మాడిపోయి ఉంది. ఏమైందంటే ఇద్దరూ పలకరే! చివరికి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మెల్లగా చెప్పింది.

"హైదరాబాద్ ఓడిపోయిందమ్మా. ఆరు-సున్నా."

2024 నవంబరు నాటి మాట ఇది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒడిశా ఎఫ్‌సీకి హైదరాబాద్ ఎఫ్‌సీ ఏకంగా ఆరు గోల్స్ సమర్పించుకున్న రోజు. మా ఉట్నూర్‌లో అప్పటికే చలి మొదలైంది. అయినా మా ఇంట్లో మాత్రం పడుకునే దాకా వేడి తగ్గలేదు. "ఆ లెఫ్ట్ బ్యాక్ ఏడ వోయిండు?", "స్టాపర్ నిలవడి చూసుడేందిరా!" అంటూ తండ్రీకొడుకులు ఒక్కొక్కరినీ నిలబెట్టి దులిపేశారు. వాళ్లు తిట్టినవాళ్లంతా గోలుపోస్టు ముందు కాపలా కాసేవాళ్లే. ఒక్క గోలూ కొట్టని ముందువరుస వాళ్లను ఒక్క మాటా అన్నట్టు లేదు!

నాకు నవ్వొచ్చింది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఎందుకంటే వాళ్ల స్కూలు జట్టులో అదీ స్టాపరే. దాని జెర్సీ వెనకాల 4 అంకె కుట్టింది నా మిషను మీదే.

సంబరం చేసిందీ మేమే

నిజానికి మాది క్రికెట్ ఇల్లు. ఫుట్‌బాల్ అడుగుపెట్టింది 2022 మార్చి 20న. ఆ రాత్రి గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. మ్యాచ్ 1-1తో సమమై పెనాల్టీ కిక్‌ల దాకా వెళ్లింది. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపేశాడు. 3-1తో హైదరాబాద్ మొదటిసారి ఛాంపియన్ అయింది. మా అబ్బాయి ఇల్లంతా గంతులేశాడు. మా అమ్మాయి మాత్రం కట్టిమణి బంతి వైపు దూకిన తీరునే మళ్లీ మళ్లీ చూసింది. గోలు కొట్టినవాణ్ణి కాకుండా ఆపినవాణ్ణి చూసిన పిల్ల అది. మైదానంలో వెనక వరుసకు పోయిందంటే ఆశ్చర్యమేముంది?

అక్కడి నుంచి రెండేళ్లకే అంతా తలకిందులైంది. 2023-24 సీజన్‌లో జీతాల బకాయిల గొడవతో విదేశీ ఆటగాళ్లు, పేరున్న సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతోనే జట్టు బరిలో దిగింది. 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటే. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. ఆ మరుసటి ఏడాదే ఈ ఆరు గోల్స్.

డిఫెన్స్ బాగాలేదన్నమాట అబద్ధమా? కాదు. కళ్లముందు కనిపించేదాన్ని కాదంటే ఎలా? కానీ గోడ కూలిందని గోడను తిట్టేముందు పునాది సంగతి అడగాలి కదా! కలిసి ఆడిన అలవాటు లేని నలుగురిని ఒక వరుసలో నిలబెడితే, ఎవరు ముందుకెళ్తే ఎవరు వెనక ఉండాలో తెలియక తడబడతారు. ఆ తడబాటులోంచే ఎదుటివాడు దూరిపోతాడు. ఇది నాకు అప్పుడు తెలియదు. తెలిసేలా చేసింది మా అమ్మాయి ఓటమి.

"నా వల్లనే పోయింది"

ఆ తర్వాత రెండు వారాలకు మా అమ్మాయి జట్టు ఆదిలాబాద్‌లో మ్యాచ్ ఆడింది. ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగా బస్సులో పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చారు. వాకిట్లో అడుగుపెట్టినప్పుడే దాని ముఖం చూసి అర్థమైపోయింది. బూట్లు ఒక మూల, బ్యాగు ఒక మూల.

"ఎన్ని వడ్డయ్?" అన్నాడు వాళ్లన్న.

"ఐదు."

"ఐదా! డిఫెన్సేనా మీది?"

అవే మాటలు. రెండు వారాల కిందట ముక్కూ మొహం తెలియని ఆటగాళ్లను అన్న మాటలు. ఇప్పుడవి మా ఇంటి పిల్ల మీద పడ్డాయి. అది ఎదురు మాట్లాడలేదు. అన్నం ముట్టలేదు. రాత్రి నా పక్కన పడుకుని, గోడవైపు తిరిగి, "నేనిగ ఆడనమ్మా. నా వల్లనే పోయింది" అంది.

తల నిమిరాను గానీ ఏం చెప్పాలో తోచలేదు. 'పోనీలే, ఆటే కదా' అందామనుకున్నా. అన్నం మానేసేంత బాధ పడుతున్న పిల్లతో 'ఆటే కదా' అంటే దాని బాధను చిన్నచూపు చూసినట్టే! ఊరుకున్నాను.

మంచె మీద కావలి

మర్నాడు ఆదివారం. మా అత్తమ్మ ఎండలో కూర్చుని పత్తి గింజలు తీస్తూ మనవరాలిని పిలిచింది. ఆవిడకి ఫుట్‌బాల్ అంటే ఓ మైదానం, ఓ బంతి, అంతే. కానీ మాట మొదలుపెట్టిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"మీ తాత మక్కచేన్ల రాత్రంత మంచె మీద కూసోని డబ్బా కొట్టెటోడు బిడ్డా. పొద్దుగాల సూస్తే చేను ఎట్లున్నది అట్లనే ఉండేది. ఊర్ల ఎవ్వలన్న 'మంచిగ కాసినవ్' అన్నరా? అనలే. ఒక్కనాడు జర కండ్లు మూతవడ్డయ్. అడవి పందులు వడ్డయ్. ఇగ ఊరంత అడుగుడే... 'రాత్రి కావలి ఎవ్వలున్నరు?' అని. కావలి పని గసొంటిదే. మంచిగ చేస్తే కనవడది."

మా అమ్మాయి తలెత్తి చూసింది. "మరి తాత మళ్ల పోలేదా బాపమ్మా?"

"ఎందుకు పోడు? తెల్లారి ఇంక జల్దిన పోయిండు. నిద్ర రాకుంట ఇంకో మనిషిని తోడు తీసుకపోయిండు."

నేను మిషను ఆపి విన్నాను. ఇంట్లో మన పని కూడా ఇంతే కదా అనిపించింది. ఉప్పు సరిపోయిన రోజు ఎవరూ మాట్లాడరు. ఎక్కువైన రోజు ఇంటిల్లిపాదీ వంటవాళ్లే!

గాజు గ్లాసులతో పాఠం

సోమవారం స్కూలుకెళ్లి వాళ్ల పీఈటీ సారును కలిశాను. 'మా అమ్మాయి ఆడనంటోంది' అంటే ఆయన నవ్వి, బల్ల మీదున్న టీ గ్లాసులు వరుసగా పేర్చారు. నాలుగు గ్లాసులు డిఫెన్స్, వాటి వెనక కీపర్.

"మొదటి గోలు చూడండమ్మా. మధ్యలో ఉన్న పిల్ల బంతి పోగొట్టుకుంది. వెనక వాళ్లు సర్దుకునేలోపే ఇద్దరు మీద పడ్డారు. రెండోది, బంతి ఎవరిదో కీపర్ అరిచి చెప్పాలి, చెప్పలేదు. రెండు పడగానే అందరూ గోలు కొట్టాలని ముందుకురికారు. వెనక ఖాళీ. అదే మూడోది. నాలుగోది మీ అమ్మాయి తప్పే. అడుగు తొందరపడి వేసింది, ఎదుటి పిల్ల పక్కనుంచి దాటేసింది. ఐదోది వచ్చేసరికి ఎవరి కాళ్లలోనూ సత్తువ లేదు."

అంటే ఐదింటిలో ఒకటి నా బిడ్డది. ఆ ఒక్కటి కాదని సారు అనలేదు, నేనూ అనలేదు. కానీ మిగతా నాలుగూ పదకొండు మందివి. డిఫెన్స్ అంటే వెనక నిలబడ్డ నలుగురు కాదట. బంతి పోయిన క్షణం నుంచి జట్టంతా డిఫెన్సేనట! ముందున్నవాళ్లు ఎదుటివాళ్లను అక్కడే అడ్డుకోకపోతే, ఆ బరువంతా వచ్చి చివరివాళ్ల మీద పడుతుంది. గోలు పడ్డప్పుడు అందరి కళ్లకీ కనిపించేది ఆ చివరివాళ్లే.

పది గోల్స్ నుంచి పతకం దాకా

ఇంకో సంగతి కూడా సారు చెప్పారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారట! అప్పటి కోచ్ మన హైదరాబాదీయే. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. పది గోల్స్ పడ్డాయని ఆయన చేతులెత్తేయలేదు. నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీస్‌కి వెళ్లింది. ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి కొట్టింది ఎవరనుకున్నారు? జర్నైల్ సింగ్. అసలు ఆయన డిఫెండర్! తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం ఆయన్ని ముందువరుసలో ఆడించారు. అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

మన పిల్లలకు దగ్గరి ఉదాహరణ కావాలంటే అష్టమ్ ఒరాన్. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా గిరిజన బిడ్డ. 2022 అక్టోబరులో మన దేశంలో జరిగిన అండర్-17 బాలికల ప్రపంచ కప్‌లో భారత జట్టు కెప్టెన్. ఆమె కూడా డిఫెండరే. అమెరికాతో 0-8, మొరాకోతో 0-3, బ్రెజిల్‌తో 0-5. మూడు మ్యాచ్‌ల్లో 16 గోల్స్! ఆ రోజుల్లోనే ఆమె ఊరికి అధికారులు రోడ్డు వేయిస్తుంటే, ఆ పనిలో ఆమె తల్లిదండ్రులే దినకూలీలుగా పనిచేశారు. ఆ ఇంటి నుంచి ప్రపంచ కప్ మైదానం దాకా నడిచిన పిల్లను 'డిఫెన్సేనా అది' అనగలమా?

మా అమ్మాయికి ఇష్టమైన క్రీడాకారిణి మన నిజామాబాద్ తండా బిడ్డ గుగులోతు సౌమ్య. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడింది. 2024-25కి దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా అవార్డు అందుకుంది. ఆమె ముందువరుస ఆటగత్తె. చూశారా, డిఫెన్స్ ఆడే పిల్లకు కూడా గోడకి అంటించుకునే బొమ్మ గోలు కొట్టేవాళ్లదే!

అభిమానం హద్దు దాటితే...

జట్టు ఓడితే కోపం రావడం సహజం. ప్రేమ ఉన్నచోటే కోపం. కానీ దానికో హద్దుండాలి. 1994 ప్రపంచ కప్‌లో కొలంబియా డిఫెండర్ ఆండ్రెస్ ఎస్కోబార్ అమెరికాతో మ్యాచ్‌లో బంతిని అడ్డుకోబోతే అది సొంత గోల్లోకే పోయింది. జట్టు ఇంటిదారి పట్టింది. పదిరోజులకే, జులై 2న, సొంత ఊరు మెడెలిన్‌లో అతన్ని కాల్చి చంపారు. వయసు 27. ఈ సంగతి చెప్పినప్పుడు మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం చెల్లెలి బూట్లు వాడే కడిగి ఎండలో పెట్టాడు. క్షమించమని అడగలేదు. మగపిల్లలు అడగరు కదా! బూట్లు కడుగుతారు.

ఓడి వచ్చిన రోజు...

మీ ఇంట్లోనూ ఆడే పిల్లలుంటే నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను.

ఓడి వచ్చిన రాత్రి విశ్లేషణ వద్దు. స్నానానికి వేణ్ణీళ్లు, తినడానికి ఇష్టమైనది ఏదైనా చాలు. తప్పొప్పుల మాట మర్నాడు మాట్లాడొచ్చు.

'నీ తప్పేం లేదు' అని అబద్ధం చెప్పొద్దు. పిల్లలకి తెలిసిపోతుంది. ఏది తన తప్పో, ఏది కాదో విడదీసి చెప్పగలిగితే బరువు తగ్గుతుంది.

మ్యాచ్ చూసేటప్పుడు ఒక్క పది నిమిషాలు బంతిని వదిలేసి, వెనకున్నవాళ్లను చూడండి. ఎంత పరుగెడుతున్నారో, ఎంత అరుస్తున్నారో, ప్రమాదం రాకముందే ఎన్నిసార్లు దారి మూసేస్తున్నారో తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అడిగే ప్రశ్న మార్చండి. ఇది మా అత్తమ్మ నేర్పింది.

సంక్రాంతి సెలవులయ్యాక మా అమ్మాయి జట్టు మళ్లీ ఆడింది. ఈసారి ఉట్నూర్‌లోనే. మేమంతా వెళ్లాం. మళ్లీ ఓడిపోయారు, 1-2. కానీ రెండో సగంలో ఎదుటి పిల్ల ఒంటరిగా దూసుకొస్తుంటే మా అమ్మాయి తొందరపడలేదు. పక్కపక్కనే పరుగెత్తి, అదను చూసి, కాలు పెట్టి బంతిని బయటికి తన్నేసింది. చుట్టూ చప్పట్లు లేవు. గీత దగ్గర నిలబడ్డ మా అబ్బాయొక్కడే గొంతు చించుకుని అరిచాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మ అడిగింది, "ఇయ్యాల ఎన్ని ఆపినవ్ బిడ్డా?"

మా అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఏడు, బాపమ్మా."

ఆ ఏడూ ఏ స్కోరు పట్టికలోనూ ఉండవు.

ఇక ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ? 2024-25లో పదమూడు జట్లలో పన్నెండో స్థానంతో సరిపెట్టుకుంది. 2025లో ఊరే మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఆ వార్త విన్న రోజు మా అబ్బాయి, "ఇగ తిట్టుకుందామన్న జట్టు లేదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. కట్టిమణి మూడు కిక్‌లు ఆపిన ఆ రాత్రి గుర్తొచ్చినట్టుంది. వాడి పక్కన కూర్చుని, చెల్లెలు పాత వీడియో మళ్లీ పెట్టింది.