ఎరుపొక్కటి చాలు!

మా అమ్మాయి పరీక్ష ఫీజు గడువు గురించి బడి నుంచి మెయిల్ వచ్చింది. నేనే చూళ్లేదు. ఫైన్ కట్టి ఇంటికొస్తే, ‘రోజంతా ఆ నల్ల తెర ముందేగా ఉంటావ్ నాన్నా!’ అంది. గుచ్చుకుంది.

నేను వాడేది ‘మట్’. 1995లో మైఖేల్ ఎల్కిన్స్ తయారుచేసిన ఈమెయిల్ ప్రోగ్రామ్. టెర్మినల్‌లో నడుస్తుంది. మౌస్‌తో పనిలేదు, అన్నీ అక్షరాలే. అన్ని వరుసలూ ఒకే రంగులో ఉంటే ఫీజు మెయిలూ, డిస్కౌంట్ మెయిలూ ఒకేలా కనిపించవూ?

ఆ రాత్రే దాని సెట్టింగుల ఫైలు ‘మట్‌ఆర్‌సీ’ తెరిచా. కలర్, ఇండెక్స్, రెడ్, డిఫాల్ట్ అని వరసగా రాసి, చివర కొటేషన్లలో టిల్డా గుర్తు, ఎఫ్, బడి మెయిల్ అడ్రసు చేర్చా. ఎఫ్ అంటే పంపినవారు. ఎస్ అని రాస్తే సబ్జెక్టులో మాట వెతుకుతుంది. ఇండెక్స్ బదులు బాడీ అని, ఒక మాట ఇస్తే మెయిల్ లోపల ఆ మాటకే రంగు పడుతుంది.

ఉత్సాహం ఆగలేదు. ఆఫీసుకి పచ్చ, బ్యాంకుకి నీలం, బంధువులకి పసుపు... తెర సంక్రాంతి ముగ్గులా తయారైంది. మళ్లీ ఏదీ కంటికి ఆనలేదు! అన్నీ కొట్టేసి ఎరుపొక్కటే ఉంచా.

మొన్న తెరవగానే ఎర్ర వరుస. రెండో టర్మ్ ఫీజు! గడువుకు ముందే కట్టేశా.

మీరూ రంగులేయండి. కానీ ముందు, ఏది మిస్సయితే బాధపడతారో తేల్చుకోండి.