మీకు తెలుసా? పాత గ్రాఫిక్స్ కార్డులో దాగిన వేగము

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టును గల శిక్షణ సంస్థలలో కోర్సు ముగించి, ఉద్యోగము దొరకువరకు హాస్టలు గదిలో పాత కంప్యూటరుతోనే ప్రొద్దుపుచ్చు యువకునికి, 2016లో వెలువడిన 6 గిగాబైట్ల ఎన్విడియా జీటీఎక్స్ 1060 వంటి కార్డునుండి, పెద్దగా వ్యయము లేకయే, మరికొంత వేగము రాబట్టు నుపాయము గలదు.

ఆ కార్డు ప్రామాణిక బూస్ట్ వేగము 1708 మెగాహెర్ట్జ్, విద్యుద్వినియోగము 120 వాట్లు. చిప్పులో పుట్టు వేడి వేగమునకు సమానుపాతముగను, వోల్టేజీకైతే దాని వర్గమునకు సమానుపాతముగను పెరుగును గనుక, వేగమును పెంచుట క్షమింపదగిన సాహసమే కాని, వోల్టేజీని పెంచబూనుట అవివేకము.

పంజాగుట్ట కూడలి దుమ్ము పేరుకొనిన ఫ్యానును తుడిచి, ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చిన పిమ్మటనే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నరు అను సాఫ్ట్‌వేరును తెరచి, కోర్ వేగమును 15, 20 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుచు, మెట్టుమెట్టునను అరగంటసేపు భారమైన ఆటతో పరీక్షింపవలెను. తెరపై రంగుచుక్కలు మెరసినను, డ్రైవరు కుప్పకూలినను వెనుకకు తగ్గవలసినదే.

83 డిగ్రీల చేరువలో కార్డు తనంతట తానే వేగము తగ్గించుకొనును; కావున జనవరిలో చక్కగా నిలిచిన అమరిక, పగటివేడి 40 డిగ్రీలు దాటు మే నెలలో నిలువకపోవచ్చును. అట్టి వేసవిలో వోల్టేజీని స్వల్పముగ తగ్గించుటయే ఒక్కొక్కప్పుడు ఎక్కువ వేగము నిచ్చును. మెమరీ చాలక ఆట తడబడుచున్నచో మాత్రము ఈ వేగపు అమరికలు పనికిరావు; ఆటలో చిత్రనాణ్యతను తగ్గించుకొనవలెను, లేదా ఎక్కువ మెమరీ గల కొత్త కార్డు కొనవలెను.