పౌరసత్వమునకై వేచియున్న బిడ్డ ఇంటికి రావచ్చునా?

హైదరాబాదు నగరమున అమీర్‌పేటకును యూసఫ్‌గూడకును నడుమ మధురానగర్ అను కాలనీ కలదు. దీనికి ఒక ప్రక్క కృష్ణానగర్, అవ్వల జూబిలీహిల్స్, ఫిలింనగర్, అనగా తెలుగు చలనచిత్ర పరిశ్రమ నెలకొన్న ప్రాంతము. వేరొక ప్రక్క అమీర్‌పేటలోని కంప్యూటరు శిక్షణ సంస్థలు. పల్లెలనుండి పెట్టె చేతబట్టుకొని నగరమునకు వచ్చు యువతీయువకులలో కొందరు మొదటి దారి పట్టుదురు. ఎందరో రెండవ దారి పట్టుదురు. ఈ వీధులలోని హాస్టళ్లలో కొన్ని నెలలు గడిపి, పని నేర్చి, సముద్రములు దాటి అమెరికాలో స్థిరపడినవారు మన జిల్లాలన్నింటను కలరు. వారి తల్లిదండ్రులలో చాలమంది మాత్రము నేటికిని గ్రామములలోనే కాపురమున్నారు.

ఉదాహరణకు ఒక రైతు కుటుంబమును ఊహింతము. కుమారుడు అమెరికాలో గ్రీన్‌కార్డు పొంది ఐదేండ్లు నిండినవి. అచ్చటి పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొన్నాడు. ఇంతలో అతని ఉద్యోగము పోయినది. వారమువారము నిరుద్యోగ భృతి వచ్చుచున్నది. అదే సమయమున ఇక్కడ తండ్రికి గుండె జబ్బు చేసి శస్త్రచికిత్స అవసరమైనది. తల్లి ఫోను చేసి, "పని ఎటులను లేదు కదా, వచ్చి నాలుగు నెలలుండి పొమ్ము" అని అడిగినది. కుమారుడు వెంటనే బదులు చెప్పలేకపోయెను. చుట్టుపక్కలవారు "కన్నవారికంటె కాగితమెక్కువైనదా?" అని ఆడిపోసికొనిరి.

ఇట్టి సందర్భములందు మన గ్రామములలో మూడు అపోహలు వినవచ్చుచున్నవి. భృతి పుచ్చుకొన్నవానికి పౌరసత్వమీయరని ఒకటి. దరఖాస్తు పెట్టిన పిదప దేశము దాటరాదని రెండవది. గ్రీన్‌కార్డున్నవాడు ఎంతకాలమైనను ఇక్కడ ఉండవచ్చునని మూడవది. ఈ మూడును పొరపాట్లే. నిజస్థితి తెలిసికొన్నచో అనవసరమైన భయమును, అనవసరమైన నిందయు రెండును తొలగును.

స్థిరనివాసి యనగా ఎవరు?

గ్రీన్‌కార్డు గలవాడు అమెరికాలో స్థిరనివాసి. అచ్చట నివసించుటకును పని చేయుటకును అతనికి హక్కు కలదు. ఉద్యోగము పోయినంత మాత్రమున ఆ హక్కు పోదు. తాత్కాలికముగా హెచ్-1బి వీసాపై పని చేయువారి స్థితి వేరు. 2017లో అమలునకు వచ్చిన నియమము ప్రకారము ఉద్యోగము పోయిన పిదప వారికి సామాన్యముగా 60 దినములకు మించి గడువుండదు. కావున "అమెరికాలో ఉద్యోగము పోయినది" అన్న వార్త వినగానే, వచ్చినది ఏ తరగతివారికో మొదట తెలిసికొనవలెను.

ఈ హక్కు మనవారికి సులభముగా లభింపలేదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యములో భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టము ఆ అర్హతను కల్పించి, ఏటేట 100 మంది భారతీయుల వలసకు అనుమతించెను. భీమవరమున జన్మించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల ఆరంభమున అమెరికా చేరి, మరల స్వదేశము చూడకయే, భారతీయుడుగనే 1948లో అచ్చట కన్నుమూసిరి. 1965 చట్టముతో తలుపులు విశాలముగా తెరువబడినవి. అయినను ఏ ఒక్క దేశమువారికిని మొత్తము వీసాలలో 7 శాతమునకు మించి ఈయరాదన్న నిబంధన వలన భారతీయులు గ్రీన్‌కార్డునకై ఏండ్ల తరబడి వేచియుండుచున్నారు. ఇంత నిరీక్షణతో లభించినది చేజారునేమో యని మన రైతు కుమారుడు వెనుకాడుటకు కారణమిదియే.

భృతి దానము కాదు, బీమా

మన ప్రాంతమున నిరుద్యోగ భృతి యనగానే చదువుకొని పని దొరకని యువకులకు ప్రభుత్వమిచ్చు సహాయము స్ఫురించును. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభింపబడిన ముఖ్యమంత్రి యువనేస్తము అట్టిది. అమెరికాలోని భృతి స్వభావము వేరు. అది 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టముతో దేశమంతట వ్యాపించిన బీమా. యజమానులు తమ కార్మికుల జీతములను బట్టి పన్ను చెల్లింతురు. తన తప్పిదము లేకుండ పని పోగొట్టుకొన్నవానికి ఆ నిధినుండి కొన్ని వారములు సొమ్ము ముట్టును. ఇంతకుముందు తగినంతకాలము పనిచేసి జీతము పొందియుండుట ముఖ్యమైన అర్హత. మన ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ 2018లో ప్రవేశపెట్టిన అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజన దీనికి కొంత దగ్గరి పోలిక.

ఈ బీమాను రాష్ట్రములే నడుపును. కనుక మొత్తమును, వారముల సంఖ్యయు రాష్ట్రమునుబట్టి మారును. చాలా రాష్ట్రములలో గరిష్ఠకాలము 26 వారములు. కొన్నింట అంతకంటె తక్కువ. కాలిఫోర్నియాలో 2005లో వారమునకు 450 డాలర్లుగా నిర్ణయమైన గరిష్ఠము ఆ తరువాత చిరకాలము మారలేదు. ఈ సొమ్ము కేంద్ర ఆదాయపు పన్ను లెక్కలో చూపవలసిన ఆదాయము.

చట్టప్రకారము అర్హుడైనవాడు ఈ భృతి పుచ్చుకొనుట పౌరసత్వమునకు అడ్డు కాదు. దరఖాస్తు నాటికి ఉద్యోగములో ఉండితీరవలెనన్న నియమమును లేదు. అయితే భృతికి ముఖ్యమైన షరతు ఒకటి కలదు. పుచ్చుకొను ప్రతి వారమునందును అతడు పని చేయుటకు శక్తి కలిగి, పిలిచినచో వెంటనే చేరుటకు సిద్ధముగానుండి, పని వెదకుచుండవలెను. ఆ సంగతిని తానే ధ్రువపరుపవలెను.

తండ్రి మంచము ప్రక్కన ఇక్కడ కూర్చున్నవాడు అచ్చట రేపటి పనికి సిద్ధముగానున్నాడని చెప్పుట సామాన్యముగా కుదరదు. కావున విదేశములో గడిపిన వారములకు భృతి రాదు. ప్రయాణమును దాచకుండ తెలిపినచో ఆ వారముల సొమ్ము మాత్రమే ఆగును. తిరిగి వెళ్లిన పిదప, అర్హత నిలిచియున్నచో, బీమా గడువు లోపల మిగిలిన వారములను మరల కోరవచ్చును.

దాచినచో ప్రమాదము. ఇక్కడనుండి కంప్యూటరులో "అందుబాటులో నున్నాను" అని వ్రాయుట, లేక అచ్చటి స్నేహితునిచేత వ్రాయించుట మోసముగా పరిగణింపబడవచ్చును. సొమ్ము తిరిగి కట్టవలసివచ్చును, జరిమానా పడును. అంతకుమించి, పౌరసత్వమునకు సత్ప్రవర్తన ఋజువు కావలెను. పౌరసత్వపు దరఖాస్తులో గత ఐదేండ్ల విదేశ ప్రయాణములు తేదీలతో వ్రాయవలసియున్నది. ఒక కాగితమున ఇండియాలో ఉన్నట్లును, అదే వారమునకు వేరొక కాగితమున పనికి సిద్ధముగానున్నట్లును కనబడినచో అతడేమి సమాధానము చెప్పగలడు? పౌరసత్వమునకు ముప్పు భృతి వలన కాదు, అసత్యము వలన.

ఎన్నాళ్లు ఉండవచ్చును?

సామాన్య మార్గమున పౌరసత్వము కోరువాడు గ్రీన్‌కార్డు పొంది ఐదేండ్లు ఉండవలెను. పౌరసత్వము గల భార్య లేక భర్తతో కాపురముండువారికి మూడేండ్లు. ఐదేండ్లలో కనీసము 30 నెలలు ఆ దేశమున స్వయముగా నివసించియుండవలెను. ఇదికాక నివాసము తెగకుండ సాగవలెను.

ఒకే ప్రయాణము 6 నెలలకు మించనిచో సామాన్యముగా నివాసము తెగినట్లు భావింపరు. 6 నెలలు దాటి సంవత్సరము లోపలనైనచో తెగినట్లు తలంతురు. కాదని ఋజువు చేయవలసిన భారము దరఖాస్తుదారునిదే. అచ్చటి ఉద్యోగమును వదలలేదని, ఇల్లు నిలుపుకొన్నానని, భార్యాబిడ్డలు అక్కడనే యున్నారని చూపవలెను. సంవత్సరమో అంతకుమించియో గడిపినచో, ప్రత్యేకానుమతి గల కొద్దిమందికి తప్ప, నివాసము తెగిపోవును. ఐదేండ్ల మార్గమువారు తిరిగి వెళ్లిన పిదప 4 సంవత్సరముల 1 దినము వేచి మరల దరఖాస్తు పెట్టుకొనవలెను.

ఉద్యోగము పోయినవానికి పై ఋజువులలో మొదటిదే ఉండదు. పని లేదు గనుక ఎక్కువకాలము ఉండవచ్చునని ఇంటివారు తలంతురు. పని లేనివాడే ఆరు నెలల హద్దును మరింత జాగ్రత్తగా చూచుకొనవలెను.

సంవత్సరము దాటినచో గ్రీన్‌కార్డు ఒక్కటే తిరుగు ప్రవేశమునకు చాలదు. దీర్ఘకాలము ఉండవలసివచ్చునని తోచినవారు బయలుదేరుటకు ముందే, అమెరికాలో ఉండగనే, ఐ-131 దరఖాస్తుతో పునఃప్రవేశ అనుమతి కోరవచ్చును. అది రెండేండ్ల వరకు చెల్లును. కాని అది గ్రీన్‌కార్డునకు రక్షణయే గాని పౌరసత్వపు లెక్కలో తెగిన నివాసమును అతుకజాలదు.

2020 నేర్పిన పాఠము

2020 మార్చి 23 నుండి కరోనా కారణమున మన దేశమునకు నియమిత అంతర్జాతీయ ప్రయాణికుల విమానములు నిలిచిపోయినవి. మే 7న వందే భారత్ విమానములు మొదలైనను, మామూలు రాకపోకలు 2022 మార్చి 27న గాని పునఃప్రారంభము కాలేదు. కొలది వారములకై వచ్చిన స్థిరనివాసులు కొందరు నెలల తరబడి ఇక్కడ చిక్కుకొనిరి. తన వశములో లేని కారణమున సంవత్సరము దాటినవారు అమెరికా కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 అను తిరుగు నివాసి వీసా కోరుటకు వీలున్నది. అట్టి వేళ రద్దయిన టిక్కెట్టు, ఆసుపత్రి కాగితము, అచ్చటి ఇంటి అద్దె రసీదు ఎంతో విలువైనవి. ఏ కాగితమును పారవేయరాదు.

దరఖాస్తు పెట్టిన పిదప

ఎన్-400 దరఖాస్తు పెట్టినవాడు దేశము దాటరాదన్న నియమము లేదు. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, ప్రమాణస్వీకారము ఈ మూడింటికి హాజరు కావలెను. ఆ తేదీలలో ఇక్కడ ఉండక తప్పనిచో ముందుగనే వ్రాసి, తేదీ మార్పు కోరవలెను. ఇంటర్వ్యూ తరువాత చేసిన ప్రయాణములను గూర్చి ప్రమాణమునాడు మరల అడుగుదురు.

ప్రమాణదినమునకు వేరొక ప్రాముఖ్యము కలదు. అంతవరకు అతడు భారతీయుడే. మన పాస్‌పోర్టుతో ఎప్పుడైనను ఇంటికి రాగలడు. ప్రమాణము చేసిన క్షణమున 1955 పౌరసత్వ చట్టము 9వ సెక్షను ప్రకారము భారత పౌరసత్వము పోవును. అటుపిమ్మట పాత పాస్‌పోర్టును ఉపయోగింపరాదు, అప్పగింపవలెను. అమెరికా పాస్‌పోర్టును, భారత వీసాయో, 2005 నుండి ఇచ్చుచున్న ఓసీఐ కార్డో చేతికి వచ్చువరకు ప్రయాణము సాగదు. తండ్రి ఆరోగ్యము విషమముగా నున్నచో ప్రమాణమునకు ముందే వచ్చి చూచి పోవుట, లేక ప్రమాణపు తేదీ మార్చుకొనుట మేలు.

ఇతర దేశములలోను ఇదే ధోరణి కనబడును. కెనడాలో దగ్గరి బంధువు తీవ్ర అనారోగ్యమును చూచుటకు వెళ్లినవానికి, పనికి సిద్ధమన్న ఇతర షరతులకు లోబడి, వరుసగా 7 దినముల వరకు నిరుద్యోగ బీమా నిలుపుదల కాదు. అచ్చట పౌరసత్వమునకు ఐదేండ్లలో 1,095 దినముల నివాసము కావలెను. ఏ దేశమున ఏ నియమమో ఆ దేశపు కార్యాలయమునే అడిగి తెలిసికొనుట ఉత్తమము.

ఇంటివారు చేయదగినది

మన ఉదాహరణలోని కుమారుడు ఐదు వారములకు వచ్చెననుకొందము. వారమునకు 450 డాలర్ల చొప్పున 2,250 డాలర్ల భృతి ఆ వారములకు ఆగును. అతని గ్రీన్‌కార్డు ఆ ప్రయాణము వలన పోదు. పౌరసత్వపు దరఖాస్తు రద్దు కాదు. తల్లి కోరిన నాలుగు నెలలును ఆరు నెలల హద్దులోనివే. కాని ఆ వారములకు రాబడి ఉండదు, ఇంటర్వ్యూ పిలుపు రావచ్చును. ఈ లెక్క ఇరుపక్షములకును తెలిసినచో మాటలు పెరుగవు.

కావున బిడ్డను రమ్మనుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు: ఇంటర్వ్యూ తేదీ వచ్చినదా? ప్రమాణము జరిగినదా? ఈ ఐదేండ్లలో బయట ఎన్ని దినములు గడిపితివి? వచ్చుచున్న సంగతి భృతి కార్యాలయమునకు తెలిపితివా? చికిత్సకు సంబంధించిన వైద్యుని పత్రమును తేదీతో తీసికొని ఆతనికి పంపుడు. చిక్కైన సందర్భమున దళారుల మాట వినక, వలస చట్టము తెలిసిన న్యాయవాదిని సంప్రదింపుమనుడు.

తండ్రి శస్త్రచికిత్స నాడు కుమారుడు ప్రక్కన ఉండుటను ఏ చట్టమును నిషేధింపలేదు. వచ్చిన దినమును, పోయిన దినమును ఉన్నదున్నట్లు వ్రాయుమని మాత్రమే కోరుచున్నది.