చోడి అంబలి

చోడి అంబలి ఉత్తరాంధ్ర పల్లెలలో తరతరాలుగా ఉదయంపూట తీసుకునే ఆహారం. ఇతర ప్రాంతాలలో రాగులని పిలిచే ధాన్యాన్ని అనకాపల్లి జిల్లాలోని పరవాడ పరిసరాలలో చోళ్ళు అంటారు. చోడిపిండిని రాత్రి నీటిలో కలిపి పులియబెట్టి, మరునాడు నూకలతో ఉడికించి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు కలిపి ఉల్లిపాయతో సేవిస్తారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పులియబెట్టడం వలన ఫైటేట్లు తగ్గి ఇనుము శరీరానికి మరింతగా అందుతుంది. పిండిని జల్లించి పొట్టు పారవేస్తే మాత్రం పీచుపదార్థం పోయినట్లే. కొందరు మజ్జిగకు బదులు బెల్లం కలుపుతారు. అనకాపల్లి బెల్లం ఎంత ప్రసిద్ధమైనా మధుమేహం ఉన్నవారికి అది చక్కెరతో సమానమే. అంబలి కూడా పిండిపదార్థమే కనుక వారు దానిని అన్నానికి అదనంగా కాక, అన్నానికి బదులుగా తీసుకోవాలి.