డ్యుటీరియం తగ్గించిన నీరు క్యాన్సర్ కణాలను ఆపుతుందా?

మనం తాగే నీటిలోని హైడ్రోజన్ అంతా ఒకే రకం కాదు. దాదాపు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున డ్యుటీరియం ఉంటుంది. దీని కేంద్రకంలో ప్రోటాన్‌తో పాటు న్యూట్రాన్ కూడా ఉంటుంది. అందువల్ల దీని బరువు సాధారణ హైడ్రోజన్‌కు సుమారు రెట్టింపు. 1931లో దీన్ని కనుగొన్న హెరాల్డ్ యూరేకు 1934లో నోబెల్ బహుమతి లభించింది.

నీటిలో డ్యుటీరియం శాతాన్ని బాగా పెంచితే భారజలం వస్తుంది. అణు రియాక్టర్ల కోసం తెలంగాణలోని మణుగూరులో దాన్ని తయారు చేస్తారు. దీనికి భిన్నంగా డ్యుటీరియాన్ని తగ్గించిన నీరు కూడా ఉంది. దానిపైనే క్యాన్సర్ పరిశోధకులు దృష్టి పెట్టారు.

మామూలు నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు సుమారు 150 డ్యుటీరియం పరమాణువులు ఉంటాయి. 1993లో హంగేరీకి చెందిన గాబోర్ షోమ్‌లాయీ బృందం వీటి సంఖ్య 30-40 మాత్రమే ఉన్న నీటితో ప్రయోగాలు చేసింది. ఆ నీటిలో చిట్టెలుక కణాల పెరుగుదల మందగించింది. మానవ కణితులను అమర్చిన చిట్టెలుకల్లో కొన్నింటికి కణితి తగ్గిపోయింది కూడా.

ఇంత స్వల్పమైన మార్పు కణాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది? స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లోని ప్రోటీన్లను పరిశీలించి, 2019లో ఒక వివరణ ఇచ్చారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సమతుల్యత దెబ్బతింటుంది. చురుకైన ఆక్సిజన్ అణువులు పెరిగి, కణంపై ఆక్సీకరణ ఒత్తిడి కలుగుతుంది.

అయితే ప్రయోగశాలలోని గాజు పాత్ర వేరు, మనిషి శరీరం వేరు. పాత్రలోని కణాల చుట్టూ ఉన్న నీటిని ఒక్కసారిగా మార్చేయవచ్చు. 60 కిలోల మనిషి శరీరంలో దాదాపు 35 లీటర్ల నీరు ఉంటుంది. రోజూ తాగే రెండు లీటర్లు అందులో కలిసి పలుచబడతాయి. అన్నం, పాలు, కూరగాయల ద్వారా మామూలు డ్యుటీరియం మళ్లీ చేరుతూనే ఉంటుంది. పైగా గాజు పాత్రలో కణాల పెరుగుదలను ఆపడం అరుదైన విషయం కాదు. ఉప్పు మోతాదు పెరిగినా అవి పెరగవు.

ఈ నీరు క్యాన్సర్‌ను నయం చేస్తుందని మనుషులపై పెద్ద ఎత్తున, స్వతంత్రంగా జరిగిన పరీక్షలేవీ నిరూపించలేదు. అయినా దీన్ని సీసాల్లో నింపి ఖరీదుకు అమ్ముతున్నారు. క్యాన్సర్ చికిత్సలో ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి ఈ నీటిని నమ్మి శస్త్రచికిత్సను గానీ, కీమోథెరపీని గానీ వాయిదా వేయకూడదు. వాడాలనుకునేవారు ముందుగా తమకు చికిత్స చేస్తున్న వైద్యుడికి ఆ విషయం చెప్పాలి.